మా జేజి ఇప్పుడు రుద్రరూపం

ఈసారి పెద్దల అమావాస్యకు నువ్వులూ నీళ్లూ వదలడం నా వంతుకు వచ్చింది. అమ్మ ముందే పోయింది, నాన్న పోయి కూడా ఏడాది దాటింది. అంతకుముందు ఏటా నాన్న పీట మీద కూర్చుంటే నేను పక్కన నిలబడి చెంబుతో నీళ్లు అందించేవాణ్ణి. ఇప్పుడు పీట మీద నేను కూర్చున్నాను, చెంబు మా అబ్బాయి చేతికి వెళ్లింది.

పంతులుగారు పేర్లు అడిగారు. నాన్నవైపు మూడు తరాల మగవాళ్లు, మూడు తరాల ఆడవాళ్లు. మగవాళ్ల పేర్లు తడుముకోకుండా చెప్పాను. పొలం కాగితాల్లో రాసి ఉన్నవే కాబట్టి అవి ఎక్కడికీ పోలేదు. ఆడవాళ్ల దగ్గర అమ్మ పేరు, నాన్నను కన్న జేజి పేరు చెప్పాక మాట ఆగింది. జేజికి అత్తగారు, అంటే నాన్నకు జేజి, ఆమె పేరేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊళ్లో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేస్తే ఆమె కూడా చప్పున చెప్పలేకపోయింది. "ఆమెను పేరు పెట్టి పిలిచినోళ్లు ఎవురున్నారు నాయనా, ఊరంతా జేజి అనే గదా అనేది" అంది. కాసేపటికి తనే మళ్లీ ఫోన్ చేసి చెప్పింది. అహోబిలం నరసింహస్వామి పేరు. మా వైపు ఇంటికొకరికి ఉండే పేరే.

పంతులుగారు మొదలుపెట్టారు. అమ్మ పేరు చెప్పి 'వసురూపాం' అన్నారు. జేజి పేరు చెప్పి 'రుద్రరూపాం' అన్నారు. అత్త గుర్తు తెచ్చుకుని చెప్పిన పేరు దగ్గర 'ఆదిత్యరూపాం' అన్నారు. జేజి పేరు దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. నాన్న తర్పణం వదిలినన్నేళ్లూ జేజి పేరు పక్కన నాకు వినపడింది 'వసురూపాం' అనే. నాన్నకు ఆమె తల్లి కాబట్టి అలా. ఈ కర్మలో వరస అదే. తల్లిదండ్రుల తరం వసువులు, తాతల తరం రుద్రులు, ముత్తాతల తరం ఆదిత్యులు. వసువులు ఎనిమిది మంది, రుద్రులు పదకొండు మంది, ఆదిత్యులు పన్నెండు మంది. పోయినవాళ్లు తరానికో మెట్టు చొప్పున ఈ గణాల్లో పైకి ఎక్కుతారు. నాన్న పోవడంతో జేజి ఒక మెట్టు పైకి వెళ్లింది. రేపు మా అబ్బాయి ఆ పీట మీద కూర్చున్ననాడు ఆమె ఆదిత్యరూపం. వాడి పిల్లల కాలం వచ్చేసరికి, చెప్పాల్సిన మూడు పేర్లలో ఆమె పేరు ఉండదు.

ఆ రోజు నుంచి జేజి మనసులోంచి కదలడం లేదు. వరస లేకుండా, గుర్తుకొచ్చినవి వచ్చినట్టే రాస్తున్నాను.

* * *

మాది అనంతపురం జిల్లా. మా ఇంట్లో నాన్నను కన్నామె జేజి, అమ్మను కన్నామె అవ్వ. కడప, కర్నూలు వైపు కూడా చాలా ఇళ్లల్లో ఇదే తేడా. నాన్న తండ్రి అబ్బ, కొందరికి జేజినాయన. కోస్తాకు వెళితే నాయనమ్మ, మామ్మ, బామ్మ. తెలంగాణలో బాపమ్మ. అక్కడ చాలా ఊళ్లల్లో అవ్వ అంటే కన్నతల్లే. కర్ణాటక అంచున మడకశిర వైపు అజ్జి అనే మాట వినపడుతుంది. జేజికి మాత్రం తెలుగులో ఇంకో అర్థం కూడా ఉంది. చంటిపిల్లలకు దేవుడు కూడా జేజే. "జేజి పెట్టుకో నాన్నా" అంటే దేవుడికి దండం పెట్టుకొమ్మని. ఊరేగింపులో జనం పలికేవి జేజేలు. ఆ పలుకు 'జయ జయ' నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు.

చిన్నప్పుడు నాకు ఈ రెండు జేజీలు వేరని తెలియదు. మా ఇంట్లో దేవుడి గూడు తూర్పు గోడకు ఉండేది. దాని కిందే జేజి చాప. నిద్ర లేచి కళ్లు తెరిస్తే పైన గూట్లో దీపం, కింద గోడకు ఆనుకుని ఆమె. దండం పెట్టుకొమ్మంటే ఇద్దరికీ కలిపే పెట్టేవాణ్ణి. ఎవరూ దిద్దలేదు.

చాలాసార్లు నేను లేచేసరికి చాప ఖాళీగా ఉండేది. వసారాలోంచి విసుర్రాయి చప్పుడు వస్తూ ఉండేది. ఎడమ చేత్తో గుప్పెడు రాగులు రాతి కంట్లో పోస్తూ, కుడి చేత్తో పిడి పట్టుకుని తిప్పేది. గింజలు పడగానే చప్పుడు బరువెక్కేది, అవి నలిగేకొద్దీ తేలికయ్యేది. ఆ తేడాను బట్టి కళ్లు మూసుకునే చెప్పగలిగేవాణ్ణి, మళ్లీ గుప్పెడు ఎప్పుడు పోస్తుందో. ఊళ్లోకి మర వచ్చాక కూడా ఇంటికి కావలసిన రాగిపిండి ఆమె విసురుకోవాల్సిందే. మరలో పిండి వేడెక్కి చప్పబడుతుందని ఆమె నమ్మకం. ఆ పిండితో చేసిన సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, పక్కన ఊరిబిండి పచ్చడి పెట్టేది. అంత రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు, దొరుకుతుందని వెతకడం కూడా మానేశాను.

అబ్బ పోయాక ఆమె చేతులకు గాజులు లేవు. కాళ్లకు మాత్రం వెండి కడియాలు ఉండేవి. లోపల డొల్ల లేని గట్టి వెండి కావడంతో గలగలమనేవి కావు. నడుస్తుంటే ఒకదానికొకటి తగిలి టక్కు టక్కుమని పొడిగా చప్పుడయ్యేది. రాత్రిపూట ఆ చప్పుడు దొడ్లోకి వెళ్లి, ఎద్దుల గాటి దగ్గర ఆగి, మళ్లీ చాప దగ్గరికి వచ్చేదాకా నాకు నిద్ర పట్టేది కాదు.

* * *

జేజి ముఖమంతా మశూచి మచ్చలు. ఆమె చిన్నతనంలో వచ్చి, ఊళ్లో చాలామంది పిల్లల్ని తీసుకుపోయిందట. ఈమె బతికింది. ఆమె ఒళ్లో పడుకుని బుగ్గల మీది గుంటల్లో చిటికెన వేలు ఆనించి చూసుకునేవాణ్ణి. ఎడమ కంటి కింద ఒకటి మరీ లోతుగా, సరిగ్గా నా వేలి కొనకు సరిపోయేంత ఉండేది. "ఇదేంది జేజీ?" అంటే "తల్లి ముద్దు పెట్టుకున్న చోటురా" అనేది.

ఇప్పటి పిల్లలకు ఆ జబ్బు పేరు కూడా తెలియదు. మన దేశంలో మశూచి ఆఖరి కేసులు 1975లో వచ్చాయి. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. జేజి మాత్రం దాన్ని ఎన్నడూ జబ్బు అనలేదు. అమ్మవారు పోసింది, తల్లి వచ్చింది, పెద్దమ్మ చూసిపోయింది అనేది. నాకు ఆటలమ్మ పోసినప్పుడు ఇంట్లో నియమాలన్నీ ఆమే చూసింది. పొయ్యి మీద తాలింపు వేయకూడదు. గడపకు వేపమండలు. నేను పడుకున్న గుడ్డ మీదా వేపాకులే. ఒళ్లు దురద పెడితే గోకనీయకుండా వేప రెమ్మతో పైపైన నిమిరేది. ఇంటికి ఎవరైనా వచ్చి "జ్వరం తగ్గిందా?" అంటే పెదవి మీద వేలు పెట్టి సైగ చేసేది. వచ్చింది చుట్టం కాబట్టి పోయిందా అని అడగకూడదు.

పెద్దమ్మ అనే మాట గురించి ఆమె దగ్గర విన్నదే నాకు ఇప్పటికీ ప్రమాణం. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. మా వైపు ఊళ్లల్లో మారెమ్మ, సుంకులమ్మ, ఎల్లమ్మలతో పాటు పెద్దమ్మ గుళ్లూ ఉంటాయి. పురాణంలో పెద్దమ్మ అంటే జ్యేష్ఠాదేవి. పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మికంటే ముందు పుట్టిన అక్క. చెల్లెల్ని అందరూ ఇంట్లోకి రమ్మంటారు, అక్కను రావద్దని మొక్కుకుంటారు. దరిద్రం తాండవించే ఇంటిని చూసి పెద్దమ్మ తిష్ఠ వేసిందని తిట్టేవాళ్లను జేజి ఊరుకోనిచ్చేది కాదు. "పెద్దదాన్ని గడప బయట నిలబెట్టి తిట్టగూడదు. ఇంత పెట్టి, దండం పెట్టి పంపియ్యాల" అనేది. శుక్రవారం లక్ష్మికి దీపం పెట్టాక, వాకిట్లో గడప పక్కన కూడా ఇంత పసుపు, కుంకుమ, ఒక పువ్వు పెట్టేది. ఎవరికని అడిగితే చెప్పేది కాదు. నేను ఊహించుకున్నది మాత్రం ఆ అక్కకే అని.

* * *

మా ఆవిడది గుంటూరు వైపు. వాళ్లింట్లో నాయనమ్మను మామ్మ అంటారు, జేజి అంటే దేవుడు మాత్రమే. పాపకు అప్పుడప్పుడే మాటలు వస్తున్న రోజుల్లో సంక్రాంతికి ఊరికి వెళ్లాం. జేజి అప్పటికి బాగా వంగిపోయింది, చాప మీద నుంచి లేవడం తక్కువ. సాయంత్రం దీపం పెట్టి, మా ఆవిడ పాపను గూటి ముందు నిలబెట్టి "జేజికి దణ్ణం పెట్టమ్మా" అంది. పాప పైకి చూడలేదు. రెండు చేతులూ జోడించి, కింద కూర్చుని ఉన్న జేజి వైపు తిరిగి తల వంచింది. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో అందరూ జేజీ జేజీ అని పిలుస్తున్నది ఆమెనే మరి.

మా ఆవిడ పాపను గూటి వైపు తిప్పబోతే నాన్న ఆపాడు. జేజి రెండు చేతులూ మెల్లగా పైకెత్తి పాపకు తిరిగి దండం పెట్టింది. పిల్లల్లో దేవుడుంటాడని ఆమె అనడం విన్నాను గానీ, ఒక పిల్లకు అంత నిండుగా, తల వంచి దండం పెట్టడం అంతకుముందు చూడలేదు. తర్వాత పాప బుగ్గ పట్టుకుని, "నువ్వు నాకు పెడితివి, నేను నీకు పెడితిని, సరిపాయ" అంది.

* * *

మా చెల్లెలికి జేజి పేరే పెట్టారు. ఆ పేరుతో అమ్మ దాన్ని ఒక్కనాడూ పిలవలేదు. అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదు. కోపం వచ్చినప్పుడు అసలే పలకకూడదు, ఎందుకంటే ఆ తిట్టు అత్తగారికి తగులుతుంది. అందుకని ఇంట్లో అది 'అమ్మణ్ణి'. బడి రిజిస్టర్లో మాత్రం జేజి పేరు. ఇలా ఆడవాళ్ల పేర్లు ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళుతూనే, ఇంట్లో మాత్రం వినపడకుండా ఉండిపోయేవి. మూడో తరం పేరు చెప్పడానికి ఊరికి ఫోన్ చేయాల్సి రావడం వెనక ఇదంతా ఉంది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ముసలమ్మ కథ చెప్పాలి. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. విజయనగరం బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దంలో, ఆయన పేరు మీద వెలసిన చెరువు అది. ఒక ఏడు వానలు ఆగకుండా కురిసి కట్టకు గండి పడిందట. ఊరు కొట్టుకుపోయే వేళ అమ్మవారి మాట వినపడింది, బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే గండి పూడుతుందని. పేరు ముసలమ్మ గానీ ఆమె చంటిబిడ్డ తల్లి. ఏ అవ్వ పేరో, ఏ జేజి పేరో ఆమెకు పెట్టి ఉంటారు. అత్తమామలకు మొక్కి, మొగుడికి చెప్పి, బిడ్డను ఇంకొకరి చేతుల్లో పెట్టి ఆమె గండిలోకి నడిచింది. కట్ట నిలబడింది. ఆ కట్టను ముసలమ్మ కట్ట అంటారు, ఆమె అక్కడ దేవత.

జేజి ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా బిడ్డను అప్పగించే చోట ఆగేది. చీర కొంగు ముడి విప్పి, మళ్లీ వేసుకుని, అప్పుడు మిగిలింది చెప్పేది. ఒకసారి నేను అడిగాను, "ఎవరూ వద్దనలేదా జేజీ?" అని.

"అన్యారు. గెట్టిగా అన్లేదు."

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడటానికి వెళ్లినప్పుడు కూడా నాకు ఆ మాటే గుర్తొచ్చింది. 1434లో తిమ్మమ్మ భర్త చితిలోకి వెళ్లిన చోట ఆ మర్రి మొలిచిందని చెబుతారు. ఊడలు దిగి దిగి ఆ ఒక్క చెట్టే ఐదెకరాలు దాటి పరుచుకుంది. 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. చెట్టు కింద తిమ్మమ్మ గుడి, పిల్లల కోసం మొక్కుకునే దంపతులు. నేనూ దండం పెట్టుకున్నాను. కానీ మనసులో ఒక మాట మెదిలింది, ఇప్పటికీ మెదులుతూనే ఉంది. మా సీమలో ఆడపిల్ల దేవత కావాలంటే వయసులో ఉండగానే పోవాలి. నీళ్లలోకో, నిప్పుల్లోకో. వాళ్లకు కట్టలున్నాయి, చెట్లున్నాయి, జాతరలున్నాయి. పోకుండా ఉండి, పిల్లల్ని సాకి, మనవల్ని సాకి, కరువులు దాటించి, ముసలిదై మంచం పట్టి పోయినామెకు మాత్రం మూడే మెట్లు. నాకు దేవత అంటే ఈమె.

* * *

దేవుళ్లతో జేజి మాట్లాడే తీరే వేరు. చుట్టరికం కలిపి మాట్లాడేది. అహోబిలం నరసింహస్వామి చెంచులకు అల్లుడు కదా, చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి. కనుమ నుంచి ఆయన పల్లకీలో చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు, పార్వేట అంటారు. తన పెళ్లికి రమ్మని తనే పిలవడానికి వస్తాడని చెబుతారు. ఇంటిల్లిపాదికీ ఆయన పేరే తిరుగుతున్నది కాబట్టి జేజికి కూడా ఆయన ఇంటి మనిషే. "ఏం సామీ, ఈ యేడన్నా వాన తెస్తావా?" అని నిలదీసేది.

మొహర్రంకు గూగూడు తీసుకెళ్లేది. అక్కడి పీరు కుళ్లాయిస్వామి దగ్గర చక్కెర చదివించి, ఆ పొట్లం ఇంటికి తెచ్చి అందరి నాలుకల మీదా చిటికెడు వేసేది. పీర్ల పండుగలో మా ఊరి వాళ్లకు మతం అడ్డం రావడం నేను చూడలేదు. కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు మా బంధువుల్లో ఎంతమందో. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇటు తిరుపతి వెంకన్నకు ముస్లింల ఆడపడుచు బీబీ నాంచారి ఎట్లా భార్య అయిందో చెప్పేది. ఉగాది నాడు దేవుని కడపలోని వెంకన్న గుడికి ముస్లింలు వచ్చి దండం పెట్టుకోవడం పెద్దయ్యాక నా కళ్లతో చూశాను. అల్లుడి ఇంటికి వచ్చామంటారు వాళ్లు. ఆ రోజు జేజి పక్కన ఉంటే బాగుండుననిపించింది.

* * *

వానలు పడని ఏళ్లల్లో ఊళ్లో తోలుబొమ్మలాట ఆడించేవాళ్లు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట నుంచి కళాకారులు వచ్చేవాళ్లు. ఆట విరాటపర్వం, అది ఆడితే వాన పడుతుందని నమ్మకం. తెర వెనక దీపం, మేకతోలు మీద గీసిన ఎర్రటి పచ్చటి బొమ్మలు, యుద్ధం వచ్చినప్పుడు కాళ్ల కింద చెక్కలు తొక్కుతూ చేసే చప్పుడు. మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించిపోయేవాళ్లు. జేజి తెల్లవార్లూ కన్ను మూసేది కాదు. నేను ఆమె తొడ మీద తల పెట్టి, కీచకుడు చచ్చేలోపే నిద్రపోయేవాణ్ణి.

భారతం ఆమెకు బొమ్మలాట ద్వారా కొంత, రాములవారి గుళ్లో రాత్రిపూట చదివే పురాణం ద్వారా కొంత వచ్చింది. చదువు రాదు. కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో అంతా కంఠతా వచ్చు. ఆమెకు భీష్ముడికంటే సత్యవతి మీద పట్టింపు ఎక్కువ. భీష్ముణ్ణి అందరూ పితామహుడు అంటారు. అష్టవసువుల్లో ఒకడు ఆయన. పిల్లలు లేకపోయినా మాఘమాసంలో భీష్మాష్టమి నాడు లోకమంతా ఆయనకు తర్పణం వదులుతుంది. ధృతరాష్ట్రుడికీ పాండురాజుకూ సొంత నాయనమ్మ సత్యవతి. ఆమె పేర అలాంటి తిథి పంచాంగంలో లేదు.

"గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్" అని మనం మాటకు ముందు వాడుకుంటాం. నన్నయ ఆదిపర్వంలోని ఆ పద్యం వ్యాసుడు ఈ సత్యవతికే చెప్పింది. పాండురాజు పోయాడు, ముందున్నవి మంచి రోజులు కావు, ఇవన్నీ నువ్వు చూడలేవు, అడవికి వెళ్లి తపస్సు చేసుకో అని కొడుకు తల్లికి చెబుతాడు. ఆమె కోడళ్లు అంబిక, అంబాలికలను వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. గుళ్లో ఈ ఘట్టం చదివిన రాత్రి జేజి ఇంటికి వస్తూ దారంతా గొణుగుతూనే ఉంది. చివరకు వాకిట్లో నిలబడి అంది: "ఇంటికి కష్టం వస్తాదని తెలిస్తే ముసిల్ది అడివికి పోతాదా? అప్పుడే గదరా ఇంట్లో ఉండాల్సింది!"

ఆ మాట అన్నామె అలాగే ఉంది కూడా. నేను ఇంటర్ చదివేటప్పుడు వరసగా వానలు మొహం చాటేశాయి. మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా, అది కూడా తప్పితే చెనిక్కాయ (వేరుశనగ) చేలల్లో కోయడానికి ఏమీ మిగలదు. విత్తనం కొన్న అప్పు కూడా తీరలేదు. నాన్న, అమ్మ బెంగళూరుకు పనికి పోవాలని తేల్చుకున్నారు. నన్నూ చెల్లెల్నీ బంధువుల ఇళ్లల్లో ఉంచి, జేజిని అత్త దగ్గర దించి, ఎద్దుల్ని అమ్మి పోదామని నాన్న లెక్క వేశాడు. "నాలుగు నెలలు అక్కడ హాయిగా ఉండమ్మా, ఈ కష్టమంతా నువ్వు చూడలేవు" అన్నాడు. జేజి పలకలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం బస్సెక్కింది.

వెండి అంగట్లో కూర్చుని కడియాలు తీయడానికి చాలా కష్టమైంది. వేసుకున్నప్పటి నుంచి ఎన్నడూ తీయనివి. అంగడి పిల్లవాడు సబ్బు నీళ్లు తెచ్చి మడమ దగ్గర పోసి, అటూ ఇటూ తిప్పి లాగాడు. కడియం ఉన్న చోట చీలమండ చుట్టూ చర్మం తెల్లగా, పసిపిల్ల చర్మంలా మెత్తగా ఉంది. షాపాయన తక్కెట్లో వేసి ధర చెప్పాడు. జేజి బేరం ఆడింది, బాగానే ఆడింది, రెండుసార్లు లేచి నిలబడి పోతానంది. డబ్బు కొంగున కట్టుకుని నేరుగా గడ్డివామి కొనడానికి వెళ్లింది.

ఎద్దులు అమ్మలేదు. నాన్నా అమ్మా బెంగళూరు వెళ్లారు. ఆ ఇంట్లో మేం ముగ్గురం, రెండు ఎద్దులు. పొద్దున సంగటి, రాత్రికి అంబలి. తాను తిన్నానని చెప్పేది, తినిందో లేదో గిన్నె చూపించేది కాదు. రాత్రుళ్లు దొడ్లోకి వెళుతుంటే ఇప్పుడు చప్పుడు ఉండేది కాదు, అందుకని ఆమె తిరిగి వచ్చేదాకా నేను కళ్లు తెరుచుకునే ఉండేవాణ్ణి. దేవుడి గూట్లో దీపం ఒక్కనాడూ మానలేదు. నూనె తక్కువైన రోజుల్లో వత్తి సన్నగా చేసుకునేది.

మరుసటి ఏడు పునర్వసు కార్తెలో వాన దిగింది. నాన్న వాళ్లు వచ్చారు, సొంత ఎద్దులతోనే గొర్రు కట్టారు. పంట చేతికొచ్చి కాయలు అమ్మిన రోజు నాన్న రూపాయలు తెచ్చి జేజి ముందు పెట్టి, పద ధర్మవరం పోదాం, కడియాలు చేయిస్తా అన్నాడు. ఆమె ఆ రూపాయల్ని రెండు కుప్పలు చేసింది. ఒకటి వచ్చే ఏడు విత్తనాలకని నాన్న చేతిలో పెట్టింది. రెండోది నా కాలేజీ ఫీజుకని నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఏడు నాన్న మళ్లీ అడిగితే చెల్లెలి చదువంది. ఆ పై ఏడు బోరు మోటారంది.